రెండో గేరు నిలవని వానాకాలం

ఎవరికి అన్యాయం జరిగింది? ఎట్లా జరిగింది? ఈ రెండు ప్రశ్నలు అడగకుండా తీర్పు చెప్పకూడదని ముప్పై రెండేళ్లు పిల్లలకు చెప్పినదాన్ని నేను. పోయిన ఏడాది జూన్‌లో ఎవరైనా నన్నే ఆ ప్రశ్నలు అడిగి ఉంటే తడుముకోకుండా జవాబిచ్చేదాన్ని. అన్యాయం నాకే జరిగింది. నా ట్రాక్టరును పదకొండేళ్లు నడిపిన కొమురెల్లి, క్లచ్చు సరిగ్గా తొక్కకుండా గేర్లు మార్చి, నాలుగేళ్ల కిందట సరిగ్గా నాట్ల వేళకు గేరుబాక్సును పాడుచేశాడు. ఆ సంగతి నేను దాచిపెట్టలేదు. పొద్దున పాల కేంద్రం దగ్గర, ఊరివాళ్లు క్యాన్లు పట్టుకుని వరుసగా నిలబడి ఉండగా, అతని చేతిలోంచి తాళంచెవి తీసుకుని అందరికీ వినపడేటట్టు చెప్పాను. తరువాత ఊళ్లో ఒక్కరు కూడా అతనికి బండి ఇవ్వలేదు. అతను సిరిసిల్లకు పోయి సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, కూలికి కుదిరాడు.

ఇదీ నా జవాబు. అది తప్పు. తప్పని తెలుసుకోవడానికి నాకు ఒక వానాకాలం పట్టింది.

మృగశిర కార్తె చినుకులు పడ్డ మరునాడు కొమురెల్లి తల్లి రాములవ్వ మా ఇంటికి వచ్చింది. ఆమె నా ఈడుది. రాయికల్ పక్కన ఉన్న మా ఊళ్లో, తన ఇంటి అరుగు మీదే కూర్చుని బీడీలు చుట్టి ముగ్గురు పిల్లలను పెంచిన మనిషి. లోపలికి రమ్మన్నాను, రాలేదు. నిలబడే విషయం చెప్పింది. ఊరి రైతు సంఘం కొత్త ట్రాక్టరు కొంటున్నది, ఆగస్టులో వస్తుంది, డ్రైవరు కావాలి. కొమురెల్లిని పెట్టుకుందామని సంఘం కార్యదర్శి దేవేందర్ అంటే మిగతావాళ్లు నా పేరు ఎత్తారట. టీచరమ్మ సరేనంటే తమకూ సరేనన్నారట.

"ఒక్క మాట చెప్పు టీచరమ్మ," అన్నది రాములవ్వ. "ఆడ సాంచల సప్పుడుకు వానికి చెవులు పోతున్నయి. ఫోన్ల మాట్లాడితె సగం ఇనవడ్తలేదంటడు. నా కొడుకును ఇంటికి తెచ్చుకుంట."

"గేర్లు పాడుచేసిండని అన్నదాన్ని నేనే. చెయ్యలేదని ఇప్పుడెట్ల చెప్త? అబద్ధం ఆడమంటున్నవా?"

"అబద్ధం నేనెందుకు ఆడుమంట? నువ్వన్నది నిజమని ఎవలు చూసిండ్రు?"

కోరుట్లలో మెకానిక్కు రాజ్‌కుమార్ విప్పి చూశాడని, చూసే చెప్పాడని అన్నాను.

"వాడు గేర్లను జూసిండు. నా కొడుకును జూసిండా?" అని, కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

ఆమె మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వలేదు. తల్లి అట్లాగే అంటుందనుకున్నాను. నాకు అప్పుడు వేరే ఆందోళన ఉన్నది. ఆరెకరాలకు నారు పోసి ఉన్నది. ట్రాక్టరుకు ముప్పై ఐదేళ్లు. మా ఆయన కొన్నది. ఆయన పోయిన తరువాత అమ్మేయమని అందరూ చెప్పినా నేను అమ్మలేదు. కొమురెల్లి తరువాత పక్క ఊరి సతీశ్‌ను పెట్టుకున్నాను. ముప్పై ఏళ్లవాడు, చెప్పిన వేళకు వచ్చేవాడు, ఎదురు మాట్లాడేవాడు కాదు.

జులై మొదటి వారంలో కాలువ నీళ్లు వచ్చాయి. మొదటి మడిలో దమ్ము మొదలుపెట్టిన గంటకే గొడవ మొదలైంది. ఇనుప చక్రాలు బురదలో దిగి, బండి మీద బరువు పడగానే రెండో గేరు దానంతట అదే జారి బయటికి వచ్చేది. ఇంజను రొద ఒక్కసారి పెరిగేది, బండి ఆగిపోయేది, ఆగిన చోటే దిగబడేది. మళ్లీ వేస్తే మళ్లీ జారేది. సతీశ్ కాసేపు గేరు కర్రను మోకాలితో అదిమిపట్టి నడిపాడు. మోకాలు వాచింది. మరునాడు పాత సైకిలు ట్యూబు తెచ్చి గేరు కర్రను సీటు కిందికి లాగి కట్టాడు. గేరు నిలిచింది కాని, అవసరానికి బయటికి రాలేదు. బండి గట్టు దాటి పక్కనున్న నర్సక్క మడిలోకి నడిచింది. గట్టు తెగి, ఆమె పొద్దుటి నుంచి నిలబెట్టుకున్న నీళ్లన్నీ కిందికి పోయాయి. నర్సక్క చేతిలో పారతో గట్టు మీద నిలబడి, బండికి కళ్లెం లేకుంటే ఎద్దులను కట్టుకోండని మా ఇద్దరినీ కలిపి తిట్టింది.

కోరుట్లకు తీసుకుపోతే రాజ్‌కుమార్ క్లచ్చు బిగించి పంపాడు. రెండు రోజులు బాగా నడిచింది. మూడో రోజు గేరు కర్ర రెండుకు, మూడుకు మధ్య ఇరుక్కుని ఎటూ కదలలేదు. బండిని డీసీఎం లారీ మీద ఎక్కించి మళ్లీ పంపాను. ఈసారి గేరుబాక్సు మూత విప్పి, గేర్లను జరిపే ఫోర్కు అరిగిందని కొత్తది వేశాడట. ఎందుకు అరిగిందని ఫోనులో అడిగితే, డ్రైవర్ల మొరటుతనం మేడం అన్నాడు. నాలుగేళ్ల కిందటా అదే అన్నాడు.

ఈలోపు నారు ముదురుతున్నది. ఇరవై ఐదు రోజులకు నాటవలసిన నారు నలభై దాటింది. కిరాయికి బండి దొరకలేదు. అందరి బండ్లూ వాళ్ల వాళ్ల మళ్లలోనే ఉన్నాయి. నేను రోజూ గట్టు మీదకు పోయి, ఎత్తుగా పెరిగి చివర్లు పండుబారుతున్న నారును చూసి తిరిగి వచ్చేదాన్ని. శుక్రవారం మాత్రం తప్పలేదు. ప్రతి శుక్రవారం బండిని కడిగించి, నా ఎత్తుకు అందేది, మా ఆయన చెయ్యి పడి నునుపు తేలినది గేరు కర్ర ఒక్కటే కనుక దాని మీదే చెంబుతో నీళ్లు పోసి, బొట్టు పెట్టి, నాలుగు అక్షింతలు వేసి దండం పెట్టడం నా అలవాటు. ఆ నెలలో ఆ దండం కాస్త ఎక్కువసేపే పెట్టాను.

ఫోర్కు మార్చిన వారానికి రెండో గేరు మళ్లీ జారింది. నేను గట్టు మీద నుంచే అరిచాను. క్లచ్చు పూర్తిగా తొక్కి గేరు వేయడం రాని వాడివి డ్రైవరువి ఎట్లా అయ్యావని అడిగాను. ఆ మాటలు నా నోట ఇదివరకు వచ్చినవే, అదే వరుసలో. నేను గమనించలేదు. సతీశ్ గమనించాడు. బండి ఆపి, మోకాలి లోతు బురదలో నడిచి వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"కొమురెల్లి కాక నడిపినా గిట్లనే, నేను నడిపినా గిట్లనే," అన్నాడు మెల్లగా. "మూడోటోన్ని తెచ్చి వాన్ని గూడ తిడ్తరా టీచరమ్మా?"

అతను కాళ్లు కడుక్కుని వెళ్లిపోయాడు. ఆ మాట మూడు రోజులు నాతోనే ఉన్నది. నేను చదివిన కాన్వెంటులో ఫిలోమినా సిస్టరు, ఎవరి మీదైనా ఫిర్యాదు తీసుకుపోతే ముందు పేరు చెప్పనిచ్చేది కాదు. నీ కళ్లతో చూసింది చెప్పు, తరువాత పేరు చెప్పు అనేది. నా కళ్లతో నేను ఏం చూశాను? ఏమీ చూడలేదు. రాజ్‌కుమార్ చెప్పింది విన్నాను. నాలుగో రోజు సతీశ్ ఇంటికి పోయి బతిమాలి, బండిని మళ్లీ డీసీఎం ఎక్కించి, నేను కూడా లారీ డ్రైవరు పక్కన కూర్చుని కోరుట్లకు పోయాను.

రాజ్‌కుమార్ షెడ్డు మార్కెట్టు వెనుక సందులో ఉన్నది. నన్ను చూడగానే కుర్చీ తుడిచి నీడలో వేశాడు. నేను దాన్ని ఎత్తి బండి పక్కన వేసుకున్నాను. ఎండలో కూర్చుంటారా మేడం అంటే కూర్చుంటానని, నా ముందరే విప్పమని, బాగుచేయడం తరువాత, ముందు కారణం చూపించమని అన్నాను. అతనికి చిరాకు వేసింది. పరీక్ష హాలులో కూర్చున్నట్టున్నదని పక్కవాడితో అనడం నాకు వినపడింది.

గేరు కర్ర మొదట్లో చుట్టిన ఎర్ర గుడ్డను ముందు విప్పాడు. అది తడిసి, ఆరి, మళ్లీ తడిసి అట్ట కట్టి ఉన్నది. తరువాత బోల్టులు తీసి మూత ఎత్తాడు. లోపల నల్లగా ఉండవలసిన నూనె మజ్జిగ కలిపినట్టు తెల్లగా ఉన్నది. గేరు వేసిన చోట కదలకుండా పట్టుకునేది ఒక చిన్న ఉక్కు గోళీ, దాన్ని పైనుంచి నొక్కేది ఒక స్ప్రింగు అని వేలితో చూపించాడు. స్ప్రింగు తుప్పు పట్టి పట్టుకోగానే రెండు ముక్కలయింది. గోళీ దాని గుంతలో సగం వరకే దిగి ఉన్నది. కింద ఏదో అడ్డం ఉన్నది. రాజ్‌కుమార్ సన్నని స్క్రూడ్రైవరుతో గెలికి దాన్ని బయటికి తీసి, గుడ్డకు రాసి విదిలించబోయాడు.

ఆగమన్నాను. అరచెయ్యి చాపాను.

"బియ్యమే మేడం," అన్నాడు రాజ్‌కుమార్. "డ్రైవర్లు గేరు కాడ్నే కూసొని సద్దులు తింటరు, మెతుకులు పడ్తయి. మొన్న గూడ ఉండె, తుడిచేసిన. గప్పుడు నాలుగేండ్ల కింద గూడ ఉండె. గందుకే డ్రైవర్ తప్పంటి."

అది మెతుకు కాదు. ఉడకని గింజ. నూనెలో నల్లబడినా గోటితో గీకితే కింద పసుపు కనిపించింది. కొన ఎక్కడా విరగలేదు. అక్షింతలకు విరిగిన గింజ పనికిరాదని ప్రతి గురువారం చాటలో పోసి ఏరేది నేనే.

గేరు కర్ర మొదట్లో ఒక రబ్బరు టోపీ ఉండేది. నీళ్లు, దుమ్ము లోపలికి పోకుండా ఆపేది అదే. ఐదేళ్ల కిందట అది చిరిగింది. కొత్తది తెమ్మని కొమురెల్లి రెండుసార్లు అడిగాడు. దసరాకు అమ్మవారి దగ్గర పెట్టిన ఎర్ర రవిక ముక్కను తెచ్చి నా చేతులతోనే కట్టి, అమ్మవారి గుడ్డ ఉండగా రబ్బరు ఎందుకన్నాను. అతను మూడోసారి అడగలేదు. ఆ గుడ్డ మీద ఐదేళ్ల శుక్రవారాలు నీళ్లు పోశాను, అక్షింతలు వేశాను.

"ఏమైంది మేడం?" అన్నాడు రాజ్‌కుమార్.

కొత్త స్ప్రింగులు, గోళీలు, రబ్బరు టోపీ వేయమని చెప్పాను. పాత స్ప్రింగు ముక్కలను, ఆ గింజను కాగితంలో పొట్లం కట్టుకున్నాను. సతీశ్ బండి అవతల నిలబడి అంతా చూశాడు.

బండి బాగుపడింది. ఆరెకరాల దమ్ము నాలుగు రోజుల్లో అయిపోయింది, రెండో గేరు ఒక్కసారి కూడా జారలేదు. ముదిరిన నారే నాటించాను. పిలకలు సరిగ్గా రాలేదు. ఆ ఏడు పంట పలచగానే వచ్చింది. నాట్లు ముగిసిన మరునాడు జగిత్యాలలో బస్సు మారి, వేములవాడ మీదుగా సిరిసిల్లకు పోయాను.

సాంచాల షెడ్డులో అడుగుపెడితే నా మాట నాకే వినపడలేదు. ఎనిమిది మగ్గాలు ఒకేసారి కొట్టుకుంటున్నాయి. వాటి మధ్య కొమురెల్లి తెగిన పోగులను వెతికి ముడివేస్తూ తిరుగుతున్నాడు. నన్ను చూసి, పక్కవాడికి సైగచేసి, బయటికి వచ్చాడు. నలభై ఐదేళ్లవాడికి జుట్టంతా నెరిసింది. నేను మాట్లాడినప్పుడల్లా తల ఎడమకు తిప్పి కుడి చెవి నా వైపు పెట్టాడు. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ బల్ల మీద కూర్చుని పొట్లం విప్పి జరిగిందంతా చెప్పాను. తప్పు నాదేనని, అతనిది కాదని, క్షమించమని అడిగాను. ఇన్నేళ్లలో ఒక్కరినైనా క్షమించమని అడిగినట్టు నాకు జ్ఞాపకం లేదు.

అతను స్ప్రింగు ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. కోపం రాలేదు. సంతోషం కూడా కనపడలేదు.

"మీరు నాకు చెప్తె ఏమస్తది టీచరమ్మా?" అన్నాడు. "నేను ఇరగ్గొట్టలేదని నాకు ఎరుకే. ఎరుక లేనోళ్లకు చెప్పుండ్రి."

ఊరికి పోయి అందరికీ చెబుతానన్నాను.

"అందరికంటె ఎవలకు? ఆనాడు పాల కేంద్రం కాడ పందొమ్మిది మంది ఉండిరి."

ఆ పేర్లు అతను చెప్పాడు. ఆలోచించలేదు, వెతుక్కోలేదు, క్యాన్లు ఎవరి తరువాత ఎవరివి ఉన్నాయో ఆ వరుసలోనే, వేళ్లు మడుస్తూ చెప్పుకుంటూ పోయాడు. నాకు అందులో ఐదారుగురు తప్ప జ్ఞాపకం లేరు. సంచిలో ఉన్న నోటుబుక్కులో రాసుకున్నాను. చివరి పేరు దగ్గర కాస్త ఆగాడు.

"మా అవ్వ," అన్నాడు. "అవ్వ గూడ పాలు పొయ్యనచ్చింది."

ఆగస్టు రెండో ఆదివారం సంఘం సమావేశం పాల కేంద్రం ముందరే జరిగింది. కొత్త ట్రాక్టరు బొమ్మ ఉన్న కాగితాన్ని చేతులు మార్చుకుంటూ చూస్తున్నారు. నేను లేచి నిలబడి, పొట్లం విప్పి బల్ల మీద పెట్టి, ఏది ఎందుకు విరిగిందో, ఎవరి వల్ల విరిగిందో మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. వాళ్లు స్ప్రింగును, గింజను చూశారు.

"ఇగ శుక్రారం గేర్లకు అభిషేకం బందన్నట్టు," అన్నాడు వెనుక నుంచి అజయ్. కొందరు నవ్వారు. నవ్వే హక్కు వాళ్లకు ఉన్నది.

ముసలి నర్సయ్య నవ్వలేదు. గేర్లు ఇరగ్గొట్టెటోడని నాలుగేళ్లు అతన్ని పిలిచింది తామేనని, టీచరమ్మ చెప్పిన తరువాత చూసేది ఏముంటుందని అనుకున్నామని అన్నాడు. అది నాకు మర్యాదగా చెప్పిన మాటో, చెంపదెబ్బో ఇప్పటికీ తేల్చుకోలేదు. దేవేందర్ చేతులెత్తమన్నాడు. కొమురెల్లినే డ్రైవరుగా పెట్టుకోవడానికి అందరూ చేతులెత్తారు.

పని అయిపోయిందని దేవేందర్ అన్నాడు. నేను నోటుబుక్కు తీసి చూశాను. పందొమ్మిది మందిలో అక్కడ ఉన్నది పద్నాలుగు మంది. ఇద్దరు ఊళ్లోనే ఉన్నారు. జ్వరంతో పడుకున్న ఒకరికి మంచం దగ్గర, ఇంకొకరికి పశువుల కొట్టం దగ్గర చెప్పాను. ఒకామె వెల్గటూర్‌లో బిడ్డ దగ్గర ఉంటున్నది, అక్కడికి పోయాను. అంత దూరం ఈ మాట కోసమే వచ్చావా అని ఆమె ఆశ్చర్యపోయింది.

మనోహర్ గల్ఫ్‌లో ఉన్నాడు. కోరుట్లలో ఉంటున్న అతని భార్య సంధ్య మధ్యాహ్నం తిండి వేళ చూసి ఫోను కలిపింది. తెర మీద తలకు పసుపు టోపీ, వెనుక ఇసుక. నేను చెప్పింది అంతా విని, ఆ రోజు సంగతి తనకు అసలు యాదికే లేదన్నాడు. "కని కొమురెల్లికి బండి ఇయ్యద్దని మా తమ్మునికి చెప్పింది నేనే టీచరమ్మా," అన్నాడు. "ఎందుకు చెప్పిన్నో ఇప్పుడెరుకైంది."

మిగిలింది ఒక పేరు.

సమావేశానికి రాములవ్వ రాలేదు. ఆ సాయంత్రం కార్ఖానాకు బీడీలు అప్పగించాలని కబురు చెప్పింది. కొమురెల్లి సిరిసిల్లలో లెక్క తెంపుకుని రావడానికి ఇంకా రెండు రోజులున్నాయి. నేను పోయేసరికి ఆమె అరుగు మీద చాట ఒడిలో పెట్టుకుని చుడుతున్నది. వీధిలో ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురైదుగురు వాళ్ల వాళ్ల అరుగుల మీద అదే పనిలో ఉన్నారు. జరిగింది ఆమెకు ఈపాటికి తెలిసే ఉంటుంది. తెలిసినా నేను చెప్పలేదు గనుక, చెప్పాలి.

దగ్గరికి పోయి, వంగి, నీ కొడుకు గేర్లు పాడుచేయలేదని, నేను పోసిన నీళ్లు, నేను వేసిన అక్షింతలే పాడుచేశాయని, రబ్బరు అడిగితే నేనే తేలేదని, ఆనాడు నేనన్న మాట తప్పని చెప్పాను.

రాములవ్వ ఆకులో పొగాకు పోసి, చుట్టి, కొన మడిచి, దారం చుట్టింది. తల ఎత్తలేదు.

"మెల్లగ చెప్తున్నవు," అన్నది. "ఆనాడు గట్టిగ అన్నవు."

నేను నడుము నిటారు చేసుకుని వీధి మధ్యకు వచ్చి నిలబడ్డాను. బడిలో హాజరు పిలిచిన గొంతు నాకు ఇంకా మిగిలే ఉన్నది. అదే గొంతుతో, అన్న మాటలన్నీ మళ్లీ, ఒక్కటి కూడా తగ్గించకుండా అన్నాను. అరుగుల మీద చేతులు ఆగాయి. మూలమీది ఇంట్లోంచి ఎవరో తలుపు తీసుకుని బయటికి వచ్చారు. చివరి మాట దాకా గొంతు తగ్గించలేదు.

రాములవ్వ కత్తెరతో దారం తెంపింది. చుట్టిన బీడీని కట్టలో పెట్టి, కట్టను చాటలోకి జార్చి, అప్పుడు నా ముఖంలోకి చూసింది.

"ఇగ సరిపోయింది," అన్నది. "బాకీ లేదు."